తంగేడు మనదే, మరి బంతి ఎవరిది?

పెత్రామాస నాడు పొద్దున్నే సంచి పట్టుకుని కాలనీ వెనక ఖాళీ ప్లాట్లలోకి వెళ్లడం మా ఇంట్లో అలవాటు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, పూలు తెచ్చే పని మగవాళ్లది. పోయినేడు నా వెంట మా మేనకోడలు వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం, చేతిలో ఫోను. కనబడ్డ ప్రతి పువ్వుకీ ఫొటో కొట్టి, యాప్‌లో పెట్టి, పేరు పైకి చదవడం మొదలుపెట్టింది. "మామా, ఇది మెక్సికోదట." రెండడుగులేశాక, "ఇది కూడా అమెరికాదేనట." గంటలో పదకొండు రకాలు చూశాం. అందులో ఆరు బయటినుంచి వచ్చినవని యాప్ తేల్చింది. సంచి మెడ బిగించి నావైపు కోపంగా చూసింది. "మరి మన పూలేవి?"

అక్కడ నాకు సమాధానం దొరకలేదు. తర్వాత ఆలోచిస్తే, ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయనిపించింది. ఇది ఏ మొక్క అన్నది ఒకటి, ఈ మొక్క మన నేలదేనా అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు మొక్క మీదే ఉంటుంది, ఓపిగ్గా చూస్తే దొరుకుతుంది. రెండోదానికి జవాబు పువ్వు మీద ఎక్కడా రాసి ఉండదు. అది చరిత్రలో వెతకాలి. ఈ రెంటినీ కలిపేసి "చూడగానే మనదనిపిస్తోంది" అనుకుంటేనే తప్పులో కాలేస్తాం. నేనూ వేశాను. గడ్డిచేమంతి ఫొటో ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టి "మన నాటు చేమంతి" అని రాశాను. చిన్నప్పుడు దెబ్బ తగిలితే దాని ఆకు నలిపి రసం పిండేవాళ్లం, ఆ ఆకుతోనే పలక తుడిచేవాళ్లం. ఇంతకన్నా మనది ఏముంటుంది అనుకున్నా. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా వైపు.

ముందు కాలం సంగతి. అడవిపూలని గుర్తుపట్టడం మీద వచ్చే ఇంగ్లిష్ పుస్తకాలు చాలావరకు వసంతంలో పచ్చికబయలు దగ్గర మొదలవుతాయి. ఆ చలిదేశాల్లో చలికాలమంతా నేల గడ్డకట్టి ఉంటుంది, మంచు కరగగానే గింజలు లేస్తాయి. మన దగ్గర మొక్క దాటాల్సిన గండం చలి కాదు, ఎండ. ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా ఇక్కడ పూసేది చెట్టు: మోదుగ, బూరుగ, వేప, కానుగ. వాటి వేళ్లు లోతుకు పోయి నీళ్లు తాగుతాయి. వాటి కింద గడ్డినేల మాత్రం అప్పటికి ఎండి గోధుమరంగులో ఉంటుంది. చిన్న మొక్కలు తొలకరికి మొలిచి, భాద్రపదం నుంచి కార్తీకం దాకా పూస్తాయి. అందుకే తెలుగునేల మీద పూలబయలు చూడాలంటే వెళ్లాల్సింది ఉగాదికి కాదు, దసరాకి. బతుకమ్మ ఆ రోజుల్లో పడటం కాకతాళీయం కాదని నా నమ్మకం. చేలగట్ల మీద పూలు పొంగే ఆ తొమ్మిది రోజులూ చేతికందింది పేర్చుకున్న పండగ అది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. గుర్తుపట్టేటప్పుడు అందరం ముందు రంగు చూస్తాం. అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే గుర్తు అదే. ఆశ్వయుజంలో బంజర్లలో పసుపు పూలు ఎన్ని రకాలుంటాయో లెక్కే లేదు. తంగేడునే తీసుకోండి. పచ్చని పువ్వు, ఐదు రేకులు, చింతాకులాంటి ఆకు. ఈ వర్ణన కసివిందకీ సరిపోతుంది, తంటేనికీ సరిపోతుంది, రోడ్డు పక్కన నాటే సీమతంగేడుకీ సరిపోతుంది. అన్నీ ఒకే ప్రజాతివి, సెన్నా అంటారు. పువ్వు వదిలేసి ఆకుకాడ కొమ్మకి అతుక్కున్న చోట చూడండి. తంగేడుకి అక్కడ రెండు పక్కలా గుండ్రటి చిన్న ఆకుల్లాంటివి, చెవుల్లాగా, కొమ్మని పట్టుకుని ఉంటాయి. దాని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులాటా. ఆరిక్యులాటా అంటే చెవులున్నది అనే అర్థం. తర్వాత ఆ కాడ మీద జంటలు జంటలుగా ఉన్న చిట్టి ఆకుల మధ్య చూడండి. ప్రతి జంట మధ్యా పుల్లముక్కలా నిలబడ్డ చిన్న గ్రంథి ఉంటుంది. భూతద్దం అక్కర్లేదు, కళ్లజోడు ఉంటే చాలు. కాయ బల్లపరుపుగా, కాగితంలా పలచగా, లోపల గింజలు ఉబ్బెత్తుగా కనబడేట్టు ఉంటుంది.

కసివిందకి ఆ చెవులు లేవు. ఆకుల కొసలు సూదిగా ఉంటాయి, నలిపితే కంపు. గ్రంథి ఒకటే, కాడ మొదట్లో. తంటేనికి ఆకులు సాధారణంగా మూడే జంటలు, కొస గుండ్రంగా ఉంటుంది, కాయ సన్నగా కొడవలిలా వంగుతుంది. సీమతంగేడు అయితే చెట్టే, ఇంటంత ఎత్తు పెరుగుతుంది. ఒకసారి తంగేడు చెవులు పట్టుకోవడం అలవాటయ్యాక మిగతావి చూసి పొరబడటం కష్టం.

తంగేడు దగ్గర ఇంకాసేపు నిలబడితే ఒక తమాషా కనబడుతుంది. ఆ పువ్వులో తేనె ఉండదు. ఉన్నదల్లా పుప్పొడే. అదీ బయటికి రాలదు, కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రంలో దాక్కుని ఉంటుంది. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి కేసరాలకి వేలాడి, రెక్కల కండరాల్ని ఝుమ్మని అదరగొడుతుంది. ఆ అదురుకి ఉప్పుడబ్బా కుదిపినట్టు పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. ఎగిరేటప్పుడు వినబడే ఝుంకారానికీ పువ్వు మీద వాలినప్పుడు వినబడేదానికీ స్థాయిలో తేడా ఉంటుంది, చెవి పెట్టి వినండి.

రంగు చూడొద్దంటే ఏం చూడాలి? కాడ, కణుపు, ఆకు అమరిక, కాయ. కొన్నిటికి చేతివేళ్లే చాలు. వెంపలి ఉంది కదా, కలియుగాంతానికి మనుషులు దాన్ని ఎక్కడానికి కూడా నిచ్చెనలు వేసుకుంటారని పెద్దవాళ్లు చెబుతుండేవాళ్లు, అంత పొట్టి మొక్క. చిక్కుడు పువ్వు లాంటి ఊదా గులాబీ పూలు. దాని చిట్టి ఆకు ఒకటి తీసుకుని కొస పట్టుకుని లాగండి. అడ్డంగా చిరగదు, బాణంమొన ఆకారంలో తెగి వస్తుంది. పక్క ఈనెలు ఏటవాలుగా, దగ్గరదగ్గరగా, ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా ఉండటమే కారణం. పిల్లలకి ఇది చూపిస్తే చేనుగట్టు మీద వెంపలి మిగలదు.

తుమ్మి కూడా వేళ్లతోనే. కాడని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి తిప్పండి. గుండ్రంగా జారదు, నాలుగు పలకలుగా తగులుతుంది. తులసి కుటుంబానికి చాలావరకు ఇదే గుర్తు. పైన కణుపు దగ్గర బంతిలా గుమిగూడిన మొగ్గల్లోంచి తెల్లపూలు పెదవి చాచినట్టు బయటికొస్తాయి. శివుడికి ఇష్టమైన పువ్వంటారు, వినాయకచవితికి మా వైపు తుమ్మికూర వండాల్సిందే. తుమ్మచెట్టుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, ఒక్క గుడి తేడాకే ముళ్లకంప కూరాకైపోయింది.

నీలంరంగు కావాలంటే తొందరగా వెళ్లాలి. వెన్నవెదురు, కొన్ని ఊళ్లలో అమృతకాడ అంటారు, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. పైన రెండు నీలిరేకులు చెవుల్లా విప్పుకుని ఉంటాయి, మూడోది చిన్నది, కింద దాక్కుని ఉంటుంది. పువ్వు బయటికొచ్చేది ఆకుతో కుట్టిన దొన్నె లాంటి దాంట్లోంచి. వెన్నవెదురుకి ఆ దొన్నె ఒక పక్క కుట్టేసినట్టు మూసుకుని ఉంటుంది. దాని చుట్టాల్లో కొన్నిటికి మడిచిన ఆకులా తెరుచుకునే ఉంటుంది. కాండాన్ని చుట్టిన ఆకు తొడుగు అంచున తుప్పురంగు నూగు ఇంకో గుర్తు. ఈ మొక్కని కలుపు తీసే ఆడవాళ్లు ఎందుకు తిడతారో తెలుసా? కాండం ముక్క మిగిలినా మళ్లీ వేరు పడుతుంది. పైగా దీనికి మట్టిలోపల కూడా పూలు పూస్తాయి. అవి విచ్చుకోవు, తేనెటీగ అక్కర్లేదు, లోలోపలే గింజ కట్టేస్తాయి. పైన నీలిపూలు ఎంత పీకినా కింద విత్తనాలు సిద్ధం.

ముద్రబెండ సాయంత్రం పార్టీ. మధ్యాహ్నం దాటాక విచ్చుకుంటుంది. మధ్యలో కేసరాలన్నీ ఒకే గొట్టంగా కలిసి ఉంటాయి. మందార, బెండ, పత్తి, అన్నిటికీ అదే పోలిక. కాయ చక్రంలా ఉంటుంది, చిన్నప్పుడు సిరాలో ముంచి నోటుబుక్కు మీద ముద్రలు కొట్టేవాళ్లం. కంచెల మీద పాకే అడవినాభిని గుర్తుపట్టడం అన్నిటికన్నా తేలిక. రేకులు నిప్పులా వెనక్కి వంగి ఉంటాయి, పసుపులో మొదలై ఎరుపులోకి మారుతాయి, ఆకుకొసే తీగలా చుట్టుకుని పక్క కొమ్మని పట్టుకుంటుంది. దుంప ప్రాణాంతకమైన విషం, మిగతా మొక్కా విషమే. చూసి వదిలేయాలి.

ఇక రెండో ప్రశ్న. మనదా కాదా?

ఇక్కడ పేర్లు నమ్మడానికి లేదు. కొన్నిసార్లు పేరే దొరికిపోతుంది. ముందు "సీమ" అని ఉంటే ఓడ దిగిందనో, కనీసం ఊరి బయటిదనో అనుమానించొచ్చు. సీమచింత అలాంటిదే, మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చింది. కానీ సీమ లేనంత మాత్రాన మనదని కాదు. చంద్రకాంత అంటే ఎంత అచ్చమైన సంస్కృతం! ఆ మొక్క అమెరికాది, శాస్త్రీయ నామంలోని "జలాపా" మెక్సికోలోని ఒక ఊరు. దేవగన్నేరు గుళ్లో పెరిగినా అమెరికాదే. బిళ్లగన్నేరు మడగాస్కర్‌ది. బొగడబంతి మళ్లీ మధ్య అమెరికాదే. తెలుగువాళ్లు కొత్త మొక్క కనబడితే పాత మొక్క పేరే కొద్దిగా మార్చి పెట్టేస్తారు. గన్నేరులా ఉందా, ముందొక మాట తగిలించి గన్నేరే. చేమంతిలా ఉందా, గడ్డిచేమంతి. రెండు తరాలు గడిచాక ఆ పేరు ఎప్పటినుంచో ఉన్నట్టే ఉంటుంది.

పోనీ లాటిన్ పేర్లు నమ్ముదామా అంటే అవీ అంతే. మెట్టతామర పేరు కానా ఇండికా. ఇండికా అని ఉన్నా ఆ మొక్క అమెరికాది. అప్పట్లో యూరప్‌వాళ్లకి ఇండీస్ అంటే అటూ ఇటూ రెండూ. కుక్కతులసి పేరు ఆసిమమ్ అమెరికానమ్. అమెరికానమ్ అని ఉన్నా అది ఆఫ్రికా, ఆసియా మొక్క, మన చేలగట్లదే. చేలల్లో ముళ్లతో, పసుపు పాలతో ఉండే బలురక్కసి మాత్రం ఆర్జిమోనె మెక్సికానా, అది నిజంగానే మెక్సికోది. అంటే పేరు ఒకసారి నిజం చెబుతుంది, ఒకసారి అబద్ధం. మా మేనకోడలు దీనికి "మామా, లాటిన్ కూడా మన వాట్సాప్ లాంటిదే" అంది.

శంఖపుష్పం గొడవ ఇంకోటి. మనకి శంఖపుష్పమంటే కంచె మీద పాకే నీలిపూల తీగ, చిక్కుడు కుటుంబం. ఉత్తరాదిలో శంఖపుష్పి అంటే చాలాచోట్ల నేలమీద పాకే, గరాటు పూల ఇంకో మొక్క. మరికొందరు మనం విష్ణుక్రాంత అనే చిట్టి నీలిపువ్వుని ఆ పేరుతో పిలుస్తారు. మందు కోసం పేరు చెప్పి మొక్క తెప్పించుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

మరి శాస్త్రవేత్తలు ఎలా తేలుస్తారు? ఆధారాలు పోగేస్తారు. ఒక మొక్కకి అడవి చుట్టాలు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో చూస్తారు. బంతికి అలాంటి చుట్టాలు ఎక్కువగా మెక్సికో చుట్టుపక్కలే ఉన్నాయి. పాత రాతలు చూస్తారు. తెలుగునేలకి ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. విలియం రాక్స్‌బరో అనే స్కాట్లాండ్ వైద్యుడు 1781 నుంచి సామర్లకోటలో ఉండి, గోదావరి జిల్లాల చుట్టుపక్కల మొక్కల్ని ఒక్కొక్కటిగా వర్ణించాడు, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా బొటానికల్ తోటకి వెళ్లిపోయాడు. 1795 నుంచి అచ్చయిన ఆయన కోరమండల్ మొక్కల సంపుటాల్లో ఆ బొమ్మలు ఉన్నాయి. ఆయన వర్ణనల్లో తెలుగు పేర్లు కూడా నమోదై ఉంటాయి. రెండొందల ఏళ్ల కిందట ఒక మొక్క తోటలో పెంచుకునేదా, చేలో తానై మొలిచేదా అని ఇలాంటి రాతల నుంచే ఊహించగలం.

గీత ఎక్కడ గీయాలన్నది ఇంకో తకరారు. యూరప్‌లో సుమారు 1500 సంవత్సరాన్ని హద్దుగా పెట్టుకున్నారు. అంతకు ముందు వచ్చినవి పాతకాపులు, తర్వాత వచ్చినవి కొత్తకాపులు అన్నట్టు. కొలంబస్ ప్రయాణం తర్వాత ఖండాల మధ్య మొక్కలు విపరీతంగా చేతులు మారాయి కాబట్టి ఆ హద్దు. మనకీ అది చాలావరకు పనికొస్తుంది, అమెరికా మొక్కలన్నీ ఆ తర్వాతవే. కానీ వేల ఏళ్లుగా ఆఫ్రికాకీ మనకీ మధ్య ఓడలు తిరిగాయి. జొన్న అక్కడినుంచే వచ్చింది. దాని గింజల్లో కలిసి ఏయే కలుపులు వచ్చాయో ఎవరు చూశారు?

గునుగు సరిగ్గా ఈ సందులో ఇరుక్కుంది. వెండికుచ్చులా నిలబడే ఆ పువ్వు లేకపోతే బతుకమ్మే లేదు. దాని సొంతూరు భారతమని కొందరు, ఆఫ్రికా అని కొందరు రాస్తారు. తేలలేదు. ఇంకో విచిత్రం, తోటల్లో పెంచే ఎర్రటి కోడిజుట్టు పువ్వు కూడా గునుగు రూపమే, మనుషులు ఏరి ఏరి పెంచితే అలా తయారైంది.

బయటిదైతే పీకేయాలా అంటే, కాదు. బంతి శతాబ్దాలుగా మన చేతుల్లో ఉంది, ఎక్కువగా నాటితేనే పెరుగుతుంది, తనంతట తాను అడవిని ఆక్రమించదు. గడ్డిచేమంతి అందరి కాళ్ల కిందా బతికేస్తోంది, సీతాకోకచిలుకలు దాని మీద వాలని పూట ఉండదు. వయ్యారిభామ కథ వేరు. 1950లలో పూణె దగ్గర దాని జోరు మొదట గమనించారు. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో వచ్చిందంటారు, కాంగ్రెస్ గడ్డి అన్న పేరూ ఆ రోజులదే. క్యారెట్ ఆకులాంటి ఆకు, తెల్లటి చిట్టిపూలు, తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. ఒక ఖాళీ స్థలంలో అది దిగిందంటే రెండు వానాకాలాలకి ఇంకేదీ కనబడదు. లాంటానానీ తోటలో అందం కోసమే తెచ్చారు, 19వ శతాబ్దం మొదట్లో. ఇప్పుడు అడవుల్లో జింక మేసే గడ్డి మీద కూర్చుంది. కాబట్టి ఎక్కడినుంచి వచ్చిందన్న దానికన్నా, వచ్చి ఏం చేస్తోందన్నది పెద్ద ప్రశ్న అంటాను.

అరకు వెళ్లేవాళ్లకి ఒక మాట. చలికాలం మొదట్లో లోయంతా పసుపు దుప్పటి పరిచినట్టుంటే "అడవిపూలు" అని రీల్స్ పెట్టేస్తారు. అవి వలిసెలు, గిరిజన రైతులు నూనెగింజల కోసం విత్తుకున్న పంట. దాని శాస్త్రీయ నామంలోనే అబిసీనియా ఉంది, అంటే ఇథియోపియా. ఫొటో కోసం మళ్లలోకి దిగి తొక్కేది వాళ్ల పంటనే.

యాప్‌ల గురించి చెప్పి ముగిస్తా. గూగుల్ లెన్స్, ప్లాంట్‌నెట్, ఐనాచురలిస్ట్, మూడూ వాడాను. తప్పు చాలాసార్లు యాప్‌ది కాదు, మన ఫొటోది. పువ్వు ముఖం ఒక్కటే దగ్గరగా తీస్తాం, తంగేడుకీ కసివిందకీ తేడా చెప్పే చెవులు ఆ ఫొటోలో ఉండవు. నాలుగు ఫొటోలు తీయండి: పువ్వు ఎదుటినుంచి, పువ్వు పక్కనుంచి, ఆకు కొమ్మకి అతికిన చోటు, మొక్క మొత్తం. కాయ ఉంటే అదీ. ఐనాచురలిస్ట్‌లో పెడితే ఆ జిల్లా మొక్కలు తెలిసినవాళ్లెవరో రెండు రోజులకైనా సరిచేస్తారు. యాప్ ఇచ్చిన మొదటి పేరు చూసి మాత్రం ఏదీ కూర వండుకోకండి.

చూడ్డానికి చోటు కూడా ఉండాలి. గడ్డిభూమిని మన రికార్డుల్లో బంజరు అంటారు, ఇంగ్లిష్‌లో ఇంకా ఘోరంగా వేస్ట్‌ల్యాండ్. చెట్లు లేవు కాబట్టి ఏమీ లేదని లెక్క. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు, పేరులో అరణ్యం ఉన్నా అది గడ్డినేలే. అలాంటి గుర్తింపు దక్కిన బయళ్లు చాలా తక్కువ. మా కాలనీ వెనక ప్లాట్లకి అసలు ఏ పేరూ లేదు. పోయినేడు పూలు కోసిన చోట ఈసారి హద్దురాళ్లు పాతి, మందు కొట్టారు.

మా మేనకోడలు ఆ రోజు ఇంటికొచ్చాక నోటుబుక్కులో మూడు గళ్లు గీసింది. మనవి, వచ్చినవి, తేలనివి. తంగేడు, తుమ్మి, వెంపలి, వెన్నవెదురు మొదటి గడిలో. బంతి, గడ్డిచేమంతి, చంద్రకాంత రెండో గడిలో. గునుగు మూడో గడిలో ఒక్కటే ఉంది. సాయంత్రం మా అక్క తాంబాళంలో ఆకులు పరిచి, గునుగు కుచ్చులు కొసలు కత్తిరించి, మొదటి వరస అవే పెట్టింది. "అది ఎవరిదో తేలలేదమ్మా" అంది పిల్ల. మా అక్క తలెత్తకుండానే, "తేలేదాకా ఇక్కడే ఉండనీ, ఆ బంతిపూలు ఇటివ్వు" అంది.